200 లీటర్ల హీట్ పంప్ గీజర్, లోపల బ్యాకప్ కాయిల్: వరంగల్ చలికి ఎంతవరకు పనికొస్తుంది?

ముందే చెప్పేస్తే సరిపోతుంది: వస్తువు మంచిది, దాంతో వచ్చే 'ఆటో' మోడ్ మాత్రం మన ఊరికి పనికిరాదు. బిగించిన రోజే ఆ మోడ్ తీసేసి, లోపలి కరెంటు కాయిల్ ఎప్పుడు వెలగాలో మీరే నిర్ణయించుకుంటే ఏడాది పొడవునా తక్కువ కరెంటుతో ఉడుకు నీళ్లు వస్తాయి. లేదంటే లక్ష రూపాయల అటూఇటూ పోసి మామూలు గీజరే కొనుక్కున్నట్టు.

ఇది ఏదో ఒక కంపెనీ మోడల్ మీద రివ్యూ కాదు. ఇళ్లకు ఎక్కువగా అమ్మే రకాన్ని తీసుకున్నాం: మనిషంత ఎత్తు డ్రమ్ము, పైన ఫ్యాన్, కంప్రెసర్, కింద 200 లీటర్ల ట్యాంకు, ట్యాంకులో 1.5 కిలోవాట్ల ఎలిమెంట్ (పైన చెప్పిన కరెంటు కాయిల్ ఇదే). పేరు ఏదైనా లోపలి సరుకు దాదాపు ఇదే. కంప్రెసర్ 700 నుంచి 900 వాట్లు తాగుతుంది. ఎక్కువ మోడళ్లలో గ్యాసు ఆర్-134ఏ. బయటి గాలిలోని వేడిని ఆ గ్యాసు పీల్చుకుంటుంది, కంప్రెసర్ దాన్ని నొక్కి ఇంకా వేడెక్కిస్తుంది, ట్యాంకు చుట్టూ చుట్టిన గొట్టంలో ఆ వేడి నీళ్లకు దిగుతుంది. ఒక యూనిట్ కరెంటు పెడితే రెండున్నర నుంచి మూడున్నర యూనిట్ల వేడి వస్తుంది. ఆ నిష్పత్తినే సీఓపీ అంటారు. కంపెనీ కాగితం మీద రాసే సీఓపీ వెచ్చటి గాలిలో కొలిచింది. జనవరి తెల్లవారుజామున అంత రాదు.

లెక్క కాగితం మీద వేసుకుంటే సేల్స్‌మన్ మాటలు అక్కర్లేదు. లీటరు నీళ్లు ఒక డిగ్రీ పెరగాలంటే 1.163 వాట్-అవర్లు కావాలి (వెయ్యి వాట్-అవర్లు ఒక యూనిట్). చలికాలంలో సింటెక్సు నీళ్లు 18 డిగ్రీలుంటే, 200 లీటర్లను 55కు తేవడానికి 8.6 యూనిట్ల వేడి. మామూలు గీజర్ అయితే ఆ 8.6 యూనిట్లూ మీటర్లో తిరుగుతాయి. హీట్ పంప్ మధ్యాహ్నం 28 డిగ్రీల గాలిలో నడిస్తే దాదాపు 2.5 యూనిట్లు. పొద్దున ఐదింటికి 12 డిగ్రీల గాలిలో అదే పనికి 3.4. ఉమ్మడి ఆదిలాబాద్ జిల్లాలో సిర్పూర్(యు), తిర్యాణి వైపు ఆరు డిగ్రీల చలిలో నడిపితే నాలుగు దాటుతుంది.

ఈ అంకెల్లోనే అసలు సంగతి ఉంది. మంచు కురిసే దేశాల్లో ఇల్లు వెచ్చబరిచే హీట్ పంప్‌కు తోడుగా గ్యాస్ ఫర్నేసో, కరెంటు కాయిలో పెట్టుకోవడానికి కారణం వేరు. బయట సున్నాకు బాగా కిందికి దిగితే పంప్ ఇచ్చే వేడి తగ్గుతుంది, ఇంటికి కావలసిన వేడి పెరుగుతుంది. రెండూ సమానమయ్యే ఉష్ణోగ్రతను బ్యాలెన్స్ పాయింట్ అంటారు. అంతకంటే కిందికి పోతే బ్యాకప్ లేకుండా గడవదు. హనుమకొండలో డిసెంబరు, జనవరి రాత్రులు మామూలుగా 13 నుంచి 17 డిగ్రీలు, చలిగాలులు వీచిన వారం 10 దగ్గరికి వస్తుంది. పగలు మళ్లీ 28, 30. ఈ లెక్కన వరంగల్‌లో చలికి బ్యాకప్ అవసరమే రాదు. మనకు బ్యాకప్ కావలసింది చుట్టాలు వచ్చిన రోజుకు, కంప్రెసర్ మొరాయించిన రోజుకు. తయారీదారు మాత్రం చలిదేశపు తర్కాన్నే ఆటో మోడ్‌లో పెట్టి పంపుతాడు.

మధ్యాహ్నం నడపండి

టైమర్ పన్నెండు నుంచి నాలుగున్నర వరకు పెట్టండి. ఈ ఒక్క పనితోనే చలికాలపు కరెంటులో పావు వంతు మిగులుతుంది. "పొద్దుగాల స్నానానికి మధ్యాహ్నం కాచిన నీళ్లా, చల్లారిపోవా?" అన్నది అందరూ అడిగే మాట. మంచి ఇన్సులేషన్ ఉన్న 200 లీటర్ల ట్యాంకు రోజుకు ఒక యూనిట్, ఒకటింపావు యూనిట్ వేడి పోగొట్టుకుంటుంది. ఒక యూనిట్ అంటే 200 లీటర్లకు 4.3 డిగ్రీలు. సాయంత్రం నాలుగున్నరకు 55 ఉన్న నీళ్లు తెల్లారి ఐదింటికి 52 దగ్గర ఉంటాయి. చెయ్యి పెడితే కాలుతుంది.

52 డిగ్రీల నీళ్లు, 18 డిగ్రీల చన్నీళ్లు కలిపి 40కి తెచ్చుకుంటే లీటరు వేడినీళ్లు లీటరున్నర అవుతాయి. ట్యాంకులో కింద చన్నీళ్లు చేరి కలుస్తాయి కాబట్టి 200లో 160 లీటర్లే లెక్కలోకి తీసుకోండి. 240 లీటర్ల స్నానపు నీళ్లు, మనిషికి రెండు బకెట్లు చొప్పున ఆరుగురికి చాలు. షవర్ కింద పావుగంట నిలబడే పిల్లలుంటే ఈ లెక్క చెడుతుంది.

డాబా మీద సోలార్ ప్యానెళ్లున్న వాళ్లకు ఇది ఇంకా బాగా కుదురుతుంది. కిలోవాట్ ప్యానెల్ రోజుకు నాలుగు యూనిట్ల దాకా ఇస్తుంది, హీట్ పంప్ మధ్యాహ్నం నాలుగ్గంటల్లో తినేది రెండున్నర.

ఆటో మోడ్ ఎక్కడ దెబ్బ కొడుతుంది

ట్యాంకులో సాధారణంగా ఉష్ణోగ్రత సెన్సార్ కింది భాగంలో ఉంటుంది. ఒకరు స్నానం చేస్తే 25, 30 లీటర్ల చన్నీళ్లు కిందికి చేరతాయి. పైన 150 లీటర్లు ఉడుకుతూనే ఉన్నా సెన్సార్ 25 డిగ్రీలు చూపిస్తుంది. సెట్ చేసిన ఉష్ణోగ్రతకు, సెన్సార్ చూపేదానికి తేడా ఒక హద్దు దాటగానే ఆటో మోడ్ కంప్రెసర్‌తో పాటు ఎలిమెంట్‌ను కూడా వేస్తుంది. తెల్లవారుజామున, గాలి చల్లగా ఉన్న వేళ, ఎవరికీ తొందర లేని నీళ్ల కోసం 1.5 కిలోవాట్ల కాయిల్ గంటన్నర కాలుతుంది. నెలకు 60, 70 యూనిట్లు ఇట్లాగే పోతాయి.

అందుకే కంప్రెసర్‌తోనే నడిచే ఎకో మోడ్‌లో పెట్టి, టైమర్ వాడండి. ఎలిమెంట్‌ను కూడా వేసే బూస్ట్ బటన్ ఇంటికి మనుషులొచ్చిన రోజు మాత్రమే. కొనేముందు షాపులో మూడు సంగతులు అడగండి: ఎకో మోడ్‌లో ఎలిమెంట్ పూర్తిగా ఆగుతుందా, లేక చలి ఎక్కువైతే దానంతట అదే వెలుగుతుందా? బూస్ట్ నొక్కితే ట్యాంకు ఒకసారి నిండా వేడెక్కాక ఎకోకు తిరిగి వస్తుందా, అక్కడే ఉండిపోతుందా? కరెంటు పోయి వస్తే టైమర్ గుర్తుంటుందా? మూడోది చిన్న ప్రశ్నలా కనిపిస్తుంది. గడియారం బ్యాటరీ లేని కొన్ని మోడళ్లు కరెంటు పోయి వచ్చినప్పుడల్లా మళ్లీ ఆటోకు పోతాయి. మన లైన్ల మీద అది వారానికి ఒకసారైనా జరిగే పని.

ఎలిమెంట్ ట్యాంకులో ఏ ఎత్తున ఉందో కూడా చూడండి. పై మూడోవంతులో ఉన్నదే మేలు. పై 70 లీటర్లు 18 నుంచి 45కు రావడానికి 2.2 యూనిట్లు, గంటన్నర చాలు. అడుగున ఉంటే 200 లీటర్లూ కలిసి వేడెక్కాలి, నలుగురి స్నానం నీళ్ల కోసం నాలుగ్గంటలు ఆగాలి. పై ఎలిమెంట్‌కు ఒక లోపం ఉంది. గోరువెచ్చని నీళ్లలో, సుమారు 20 నుంచి 45 డిగ్రీల మధ్య, లెజియోనెల్లా అనే బ్యాక్టీరియా పెరుగుతుంది. దాన్ని చంపడానికి వారానికి ఒకసారి ట్యాంకు మొత్తం 60కి చేరాలి. పై కాయిల్ పై నీళ్లనే వేడి చేస్తుంది కాబట్టి ఆ పని కంప్రెసర్‌తోనే చేయించాలి, ఆదివారం మధ్యాహ్నం సెట్టింగ్ 60కి పెంచి.

పాడైనా నీళ్లు వేడిగానే వస్తాయి

ఈ వస్తువులో అన్నిటికంటే ఖరీదైన లోపం ఇదే, కాటలాగుల్లో దీన్ని సుగుణంగా రాస్తారు. గ్యాసు లీకయినా, కంప్రెసర్ కెపాసిటర్ పోయినా, ఆటో మోడ్‌లో ఎలిమెంట్ పని అందుకుంటుంది. నల్లా తిప్పితే వేడినీళ్లే. ఇంట్లో ఎవరికీ అనుమానం రాదు. రెండు నెలల తర్వాత బిల్లు చూసుకుని మీటరు తప్పు తిరుగుతున్నదని కరెంటాఫీసుకు అర్జీ పెడతారు.

హీట్ పంప్ లైనుకు ఒక సబ్ మీటర్ పెట్టుకోండి, వెయ్యి రూపాయల లోపు పని. ఎకోలో మధ్యాహ్నం పూట నడిపితే రోజుకు రెండు నుంచి మూడున్నర యూనిట్లు తిరగాలి. ఐదు దాటిందంటే ఎక్కడో కాయిల్ వెలుగుతున్నదని అర్థం. వైరు చుట్టూ పట్టించి ఆంపియర్లు చూసే క్లాంప్ మీటర్ ఉంటే ఇంకా తొందరగా తేలుతుంది: కంప్రెసర్ ఒక్కటే అయితే 3.5 నుంచి 4 ఆంపియర్లు, 1.5 కిలోవాట్ల ఎలిమెంట్ ఒక్కటే అయితే 6.5, రెండూ కలిస్తే 10. ఏ మీటరూ లేకపోతే ఫ్యాన్ గాలి బయటికొచ్చే చోట చెయ్యి పెట్టండి. కంప్రెసర్ నడిచే పది నిమిషాల తర్వాత ఆ గాలి బయటి గాలి కంటే స్పష్టంగా చల్లగా, ఐదారు డిగ్రీల తేడాతో ఉండాలి. ఫ్యాన్ తిరుగుతున్నా గాలి మామూలుగానే ఉంటే గ్యాసు లేదు, లేదా కంప్రెసర్ స్టార్ట్ కావడం లేదు.

గ్యాసు కొంచెం కొంచెంగా పోతున్నప్పుడు గుర్తు వేరు: ఎనిమిది గంటలు నడిచినా నీళ్లు 42, 43 దగ్గర ఆగిపోతాయి, సన్నటి రాగి గొట్టం దగ్గర ఐసు పేరుతుంది. అప్పుడు వచ్చే మెకానిక్ గేజీ పెట్టి ఏసీకి నింపినట్టు ప్రెషర్ చూసి గ్యాసు నింపబోతే ఆపండి. ఇందులో ప్రెషర్ ట్యాంకు నీళ్ల వేడిని బట్టి మారిపోతుంది. నేమ్‌ప్లేట్ మీద గ్రాముల్లో రాసి ఉంటుంది. పాత గ్యాసు తీసి, వాక్యూమ్ చేసి, తూకం వేసి నింపడమే సరైన పద్ధతి.

బిగించేటప్పుడు

మన ఇళ్లలో ఎక్కువగా జరిగే పొరపాటు సింటెక్సు ఎత్తు. హీట్ పంప్ డ్రమ్ము 1.7, 1.8 మీటర్లుంటుంది. దాన్ని డాబా మీద, అదే డాబా నేల మీద కూర్చున్న సింటెక్సు పక్కన నిలబెడతారు. సింటెక్సులో నీళ్లు సగానికి తగ్గగానే హీటర్ పైభాగంలోకి నీళ్లు ఎక్కవు, గాలి నిలుస్తుంది. పై ఎలిమెంట్ ఆ గాలిలో కాలి పోతుంది. వారంటీ వాళ్లు 'డ్రై హీటింగ్' అని రాసి చేతులు దులుపుకుంటారు. సింటెక్సు అడుగుభాగం హీటర్ నెత్తి కంటే పైన ఉండాలి. అంటే రెండు మీటర్ల పైన దిమ్మె. కుదరకపోతే హీటర్‌ను ఒక అంతస్తు కిందికి, వెనక బాల్కనీలోకి దించండి. 200 లీటర్లు నిండితే పావు టన్ను దాటుతుంది కాబట్టి ముందుకు పొడుచుకొచ్చిన బాల్కనీ అయితే మేస్త్రీని కాదు, ఇంజనీరును అడగండి.

200 లీటర్లు 20 నుంచి 60కి వేడెక్కితే మూడు లీటర్లు ఉబ్బుతాయి. ఆ మూడు లీటర్లకు దారి కావాలి. ఓవర్‌హెడ్ ట్యాంకు లైను అయితే ఎయిర్ వెంట్ పైపు సింటెక్సు కంటే ఎత్తుగా లేపాలి, లేదా సేఫ్టీ వాల్వు నుంచి డ్రెయిన్‌కు పైపు వేయాలి. ప్రెషర్ పంపు ఉన్న ఇంట్లో వెంట్ పైపు పెడితే ఫౌంటెన్ అవుతుంది. అక్కడ సేఫ్టీ వాల్వుతో పాటు ఉబ్బిన నీళ్లకు చోటిచ్చే 8 నుంచి 12 లీటర్ల ఎక్స్‌పాన్షన్ వెసెల్ తప్పదు. సేఫ్టీ వాల్వు నుంచి చుక్కలు పడుతున్నాయని ప్లంబర్ దానికి ఎండ్ క్యాప్ బిగించే అలవాటు కొందరికి ఉంది. అట్లా చేస్తే ట్యాంకు పగులుతుంది.

పైపులు సీపీవీసీవే వేయాలి, తెల్ల యూపీవీసీ వేస్తే వేడికి వంగిపోతాయి. హీటర్ నుంచి బాత్రూంకు ముప్పావు ఇంచు పైపు పదిహేను మీటర్లుంటే అందులోనే దాదాపు నాలుగు లీటర్లు నిలిచి చల్లబడుతుంది, ప్రతి ఉదయం అది మోరీలోకే. నైట్రైల్ ఫోమ్ స్లీవ్ 13 మిల్లీమీటర్లది తొడగండి. ఎండకు పొడిపొడి కాకుండా పైన అల్యూమినియం టేపు చుట్టాలి. వరంగల్‌లో ఈ పనికి ఇంకో శత్రువు కోతి. ఫోమ్‌ను పీకి, తిని చూసి, నచ్చక పారేస్తుంది. డాబా మీది భాగానికైనా పైపును పీవీసీ కేసింగ్‌లో దూర్చడం మంచిది. సోలార్ గాజు గొట్టాలు పగిలే బాధ మాత్రం హీట్ పంప్‌కు లేదు.

కరెంటుకు డీబీ (ఇంటి మెయిన్ బోర్డు) నుంచి నేరుగా 4 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు, 20 ఆంపియర్ల సి-కర్వ్ ఎంసీబీ, షాక్ కొట్టకుండా కరెంటు ఆపే 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ, మంచి ఎర్తింగ్. పాత గీజర్ సాకెట్‌కు తగిలిస్తే పది ఆంపియర్లు గంటలకొద్దీ లాగి పిన్ను దగ్గర నల్లబడుతుంది. పరకాల, నర్సంపేట పల్లెల్లో వ్యవసాయ మోటర్లు నడిచే వేళ వోల్టేజి 180కి పడే లైన్లుంటే 4 కేవీఏ స్టెబిలైజర్ కావాలి. తక్కువ వోల్టేజిలో ఎలిమెంట్‌కు నష్టమేం లేదు, నెమ్మదిగా కాలుతుంది, కంప్రెసర్ మాత్రం గుర్రుమని ఆగుతుంది. కరెంటు వచ్చిన వెంటనే కంప్రెసర్ లేవకపోతే కంగారు అక్కర్లేదు, మూడు నిమిషాల ఆలస్యం అందులోనే పెట్టి ఉంటుంది.

గాలి ఆడని స్టోర్ రూములో పెడితే అది వదిలిన చల్లగాలినే మళ్లీ పీల్చుకుంటుంది, అరగంటలో గది ఫ్రిజ్ అవుతుంది, సీఓపీ పడిపోతుంది. ఎండాకాలంలో ఆ చల్లగాలి వంటింటి వైపు తిప్పుకోవచ్చు కదా అనే ఆలోచన బాగానే ఉంటుంది, కానీ మేలో ఎవరు వేడినీళ్లు అడుగుతారు? వానాకాలంలో ఒక్కసారి నడిస్తే మూడు నాలుగు లీటర్ల నీళ్లు కారుతాయి. అది లీకేజీ కాదు, గాలిలోని తేమ. దానికో సన్న గొట్టం వాలుగా మోరీదాకా వేయండి.

ఎనుమాముల మార్కెట్ చుట్టుపక్కల, జిన్నింగ్ మిల్లుల దగ్గర ఉన్న ఇళ్లకు ఒక ప్రత్యేక హెచ్చరిక. పత్తి సీజనూ, చలికాలమూ ఒకటే. గాలిలో తేలే నూగు, యంత్రం వెనక గాలి పీల్చే చోట ఉండే సన్నటి రేకు రెక్కలకు దుప్పటిలా అంటుకుంటుంది, గాలి పోదు, పదిహేను డిగ్రీల్లో కూడా ఐసు పేరుతుంది. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా రెండు వారాలకోసారి మెయిన్ ఆపేసి, మెత్తటి బ్రష్‌తో పైనుంచి కిందికి దులిపి, మగ్గుతో నీళ్లు పోయాలి. కార్లు కడిగే ప్రెషర్ గన్ వాడితే రెక్కలు వంగి శాశ్వతంగా చెడతాయి.

నీళ్ల సంగతి: మిషన్ భగీరథ నల్లా నీళ్లకు పెద్ద బాధ లేదు. బోరు నీళ్లయితే ఎలిమెంట్ మీద సున్నం కడుతుంది, 60 దాటించే కొద్దీ ఎక్కువ కడుతుంది. కంప్రెసర్ గొట్టం ట్యాంకు బయట చుట్టి ఉండే మోడల్‌కు ఆ భాగంలో సున్నం బెడద తక్కువ. బోరు మీదున్న ఇళ్లు అదే తీసుకోవాలి. ట్యాంకు తుప్పు పట్టకుండా తాను కరిగిపోయే మెగ్నీషియం రాడ్‌ను ఏడాదికోసారి విప్పి చూడండి. సగం కరిగితే మార్చాలి. అది పూర్తిగా కరిగాక ట్యాంకే కరగడం మొదలవుతుంది. మూడు నెలలకోసారి అడుగు వాల్వు తిప్పి పది లీటర్లు వదిలితే మడ్డి పోతుంది.

ఆదిలాబాద్ వైపు పోతే

పైన చెప్పినదంతా వరంగల్, కరీంనగర్, పెద్దపల్లి మట్టుకు. ఉట్నూరు, జైనూరు, సిర్పూర్(యు), తిర్యాణి వైపు లెక్క మారుతుంది. అక్కడ చలికాలపు రాత్రి ఒక అంకెకు దిగడం ఏటా ఉండేదే. గ్యాసు మరిగే కాయిల్ బయటి గాలి కంటే ఏడెనిమిది డిగ్రీలు చల్లగా నడుస్తుంది కాబట్టి గాలి ఏడు డిగ్రీలుంటే కాయిల్ సున్నాకు వస్తుంది. పొగమంచు పట్టిన ఉదయం తేమ ఎక్కువ, రెక్కల మధ్య తెల్లగా గడ్డకడుతుంది. అప్పుడు యంత్రం డీఫ్రాస్ట్‌లోకి పోతుంది: ఫ్యాన్ ఆగుతుంది, వేడి గ్యాసు కాయిల్‌లోకి మళ్లుతుంది, ఐదు పది నిమిషాలు ట్యాంకుకు వేడి అందదు. ఇట్లా గంటకోసారి జరిగితే 200 లీటర్లు కావడానికి ఆరేడు గంటలు. డీఫ్రాస్ట్ లేని చవక మోడళ్లు కూడా ఉన్నాయి. అవి ఆగిపోయి ఎర్రర్ చూపిస్తాయి. ఆ ప్రాంతాల వాళ్లు డీఫ్రాస్ట్ ఉందో లేదో రాతపూర్వకంగా అడిగి తీసుకోవాలి.

అక్కడ కూడా మధ్యాహ్నం ఎండ ఉంటుంది, టైమర్ సూత్రం పనిచేస్తుంది. కాకపోతే రాత్రి పూట నీళ్లు అయిపోతే అందుకోవడానికి బ్యాకప్ నిజంగా కావాలి. లోపలి కాయిల్ కంటే, హీటర్ నుంచి వచ్చే లైన్లో బాత్రూంలోని పాత 15 లీటర్ల గీజర్‌ను వరసలో కలపడం మాకు నచ్చిన ఏర్పాటు. గీజర్ థర్మోస్టాట్‌ను 50 కంటే తక్కువకు తిప్పి ఉంచితే, ట్యాంకు నుంచి 50 డిగ్రీల నీళ్లు వచ్చినప్పుడు అది పలకదు. నీళ్లు ఆ సెట్టింగ్ కిందికి పడితేనే వెలుగుతుంది, అదీ పదిహేను లీటర్లకే. రెండిటి మధ్య మూడు వాల్వులతో బైపాస్ పెడితే ఏది పాడైనా రెండోది నడుస్తుంది. గీజర్ ఇన్‌లెట్‌కు వేడినీళ్లు ఇవ్వొచ్చో లేదో దాని మాన్యువల్‌లో చూసుకోండి, కొన్నిటి ప్లాస్టిక్ వాల్వులు ఒప్పవు.

గది వేడి చేసుకోవడానికి హాట్ అండ్ కోల్డ్ ఏసీ కొనే ఆలోచన ఉంటే, ఆదిలాబాద్‌లో సరే, వరంగల్‌లో దండగ.

ఎవరికి లాభం

నలుగురున్న ఇంటికి, ఒక్క డబ్బు లెక్కే చూస్తే, పెద్దగా లాభం కాదు. రోజంతా 200 లీటర్లు వాడినా మామూలు గీజర్ మీద ఆరు యూనిట్లు మిగులుతాయి. 201 నుంచి 300 యూనిట్ల శ్లాబులో రూ. 7.70 చొప్పున రోజుకు 46 రూపాయలు, నాలుగు నెలల చలికాలానికి ఐదున్నర వేలు. మిగతా నెలల్లో వాడకం సగం కూడా ఉండదు. పెట్టిన డబ్బు తిరిగి రావడానికి పదేళ్లు దాటుతుంది. ఎండ బాగా పడే డాబా, కోతుల బెడద లేని వీధి ఉంటే సోలార్ హీటరే చవక. దాని కాయిల్‌ను సాయంత్రం స్నానాలయ్యాక చూసుకుని వేసుకోవాలి తప్ప రాత్రంతా వదిలేయకూడదు. కాయిల్ తెల్లారేసరికి ట్యాంకు నింపేస్తే ఎండకు చేయడానికి పనే మిగలదు.

నెలకు 200 యూనిట్ల లోపు వాడితే గృహజ్యోతి పథకం కింద జీరో బిల్లు వచ్చే ఇళ్లకు ఇంకో లెక్క ఉంది. లక్ష పెట్టి గీజర్ కొనే ఇంట్లో తెల్లకార్డు ఎందుకుందని అడగకండి, ఉంటది. మామూలుగా నెలకు 150 యూనిట్లు కాల్చే ఇంట్లో 2 కిలోవాట్ల గీజర్ రోజుకు గంటన్నర వేస్తే 90 కలుస్తాయి, 200 దాటుతుంది, ఆ నెల జీరో బిల్లు పోతుంది. 210 యూనిట్లకే ఎనర్జీ ఛార్జీలు రూ. 1,097. అదే నీళ్లు హీట్ పంప్‌తో అయితే ముప్పై యూనిట్ల పైచిలుకు. ఆటో మోడ్‌లో వదిలేస్తే ఈ లాభమూ గల్లంతు.

అసలు లాభం హాస్టళ్లకు, లాడ్జీలకు, నర్సింగ్ హోములకు. హనుమకొండలో వంద మంది పిల్లలున్న కోచింగ్ హాస్టల్‌ను తీసుకోండి. ఉదయం ఆరు నుంచి ఎనిమిది లోపు అందరూ స్నానం చేయాలి. 15 డిగ్రీల నీళ్లకు 55 డిగ్రీలవి కలిపి 20 లీటర్ల బకెట్ 40కి తేవాలంటే పన్నెండున్నర లీటర్ల వేడినీళ్లు. వందమందికి 1,250 లీటర్లు, కలిసిపోయేది లెక్కేసి 1,600 లీటర్ల ట్యాంకు. వేడి 58 యూనిట్లు. 12 కిలోవాట్ల వేడినిచ్చే పంప్ మధ్యాహ్నం ఐదు గంటల్లో కాచేస్తుంది, మీటర్లో 17, 18 యూనిట్లు. ఇక్కడ ఒక్క పెద్ద యంత్రం వద్దు, ఆరేసి కిలోవాట్లవి రెండు పెట్టండి. ఒకటి ఆగినా రెండోది రాత్రి కూడా నడిచి గండం గట్టెక్కిస్తుంది, అదే నిజమైన బ్యాకప్. ఈ సైజుల్లో నీళ్లు పంపుతో తిప్పే రకం వస్తుంది. పైపులో చెత్త ఆపే వై-స్ట్రైనర్ జాలీ నిండితే నీళ్ల వేగం తగ్గి, గ్యాసు ప్రెషర్ పెరిగి యంత్రం ఆగిపోతుంది (హై ప్రెషర్ ట్రిప్). సర్వీసు పిలిచే ముందు ఆ జాలీ విప్పి కడగండి.

రెండూ ఆగిన రోజుకు గ్యాస్ బాయిలర్ ఉంచుకోవచ్చు. 19 కిలోల కమర్షియల్ సిలిండర్ 85 శాతం సామర్థ్యంతో ఇదే వంద మందికి మూడున్నర రోజులు వస్తుంది. బాయిలర్ మాత్రం ఆరుబయటే ఉండాలి. మూసిన గదిలో గ్యాస్ కాలితే కార్బన్ మోనాక్సైడ్ మనుషుల్ని చంపుతుంది, అదీ వాసన కూడా రాకుండా. 9 కిలోవాట్ల కరెంటు కాయిల్ బ్యాకప్ పెట్టుకునే హాస్టళ్లు దాన్ని వేరే కాంటాక్టర్ (పెద్ద కరెంటు స్విచ్), వేరే తాళం ఉన్న ప్యానెల్‌తో పెట్టుకోవాలి. వాచ్‌మన్ చేతికి స్విచ్ దొరికితే రోజూ పొద్దున వేస్తాడు. పిల్లలు నీళ్లు చల్లగా ఉన్నాయని అరిస్తే తిట్లు తినేది అతనే కదా.

సర్వీసు విషయం కొనేముందే తేల్చుకోండి. ఎలిమెంట్, థర్మోస్టాట్, రాడ్ మార్చే మనుషులు హనుమకొండ చౌరస్తాలో దొరుకుతారు. కంట్రోల్ బోర్డు, కంప్రెసర్ సంగతి వచ్చేసరికి హైదరాబాద్ నుంచి రావాలంటారు, చలికాలంలో వారం పడుతుంది. ట్యాంకు చుట్టూ ఉన్న గొట్టంలో లీకయితే ఫోమ్ లోపల ఉంటుంది కాబట్టి రిపేరు కుదరదు, ట్యాంకు మొత్తం మార్చాలి. వారంటీ కార్డులో ట్యాంకుకు, కంప్రెసర్‌కు, బోర్డుకు వేర్వేరు ఏళ్లు రాసి ఉంటాయి, పెద్ద అక్షరాల్లో ఉండేది ట్యాంకుదే. రాడ్ ఏటా చూపించి, అవసరమైతే మార్చిన బిల్లు లేకపోతే ఆ ట్యాంకు వారంటీ కూడా చెల్లదనే షరతు కొన్ని కార్డుల్లో ఉంటుంది. ఆ బిల్లులు దాచుకోండి, బోరు నీళ్ల టీడీఎస్ (నీళ్లలో కరిగిన లవణాల కొలత) హద్దు కార్డులో ఎంత రాశారో చూసి, మీ నీళ్లు పరీక్ష చేయించాకే డబ్బు కట్టండి.